గేదె దూడ ముందుకాలి కండరాలు: మొదటి కోత నుంచి గిట్ట దాకా విచ్ఛేదన మార్గదర్శి

తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామ్నూరు. ఏ పశువైద్య కళాశాలలో చేరినా మొదటి ఏడాది అనాటమీ హాల్లో ముందుకాలు ఎదురవుతుంది. చాలామంది అక్కడ చేసే పని ఒకటే: కండరాల పట్టిక బట్టీ పట్టడం. పుట్టే చోటు, అతికే చోటు, నరం, పని అని నాలుగు గడులు గీసి నలభైకి పైగా పేర్లు నింపుతారు. వైవా అయిన వారానికి అందులో పది కూడా మిగలవు. కండరాన్ని చేత్తో పట్టుకుని, అది ఏ కీలును ఏ వైపు నుంచి దాటుతోందో చూస్తే నాలుగో గడి నింపాల్సిన పనే ఉండదు. మోచేయి ముందు నుంచి దాటేది మోచేతిని ముడుస్తుంది, వెనక నుంచి దాటేది చాపుతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ పద్ధతిలోనే నడుస్తుంది. ఆధారంగా తీసుకున్నది ఫార్మలిన్ ఎక్కించిన గేదె దూడ. ఆవు జాతికీ ఇదే క్రమం పనికొస్తుంది. గుర్రం, కుక్కలలో తేడాలు చివర్లో ఉన్నాయి.

బల్ల దగ్గరికి వెళ్లే ముందు

పనిముట్లు తక్కువే, కానీ సరైనవి ఉండాలి. చర్మానికి 4వ నంబరు హ్యాండిల్‌కు 22వ నంబరు బ్లేడు, నరాల దగ్గర పనికి 3వ నంబరు హ్యాండిల్‌కు 10 లేదా 15వ నంబరు బ్లేడు. పళ్లున్న ఫోర్సెప్స్ ఒకటి, పళ్లు లేనిది ఒకటి. మొన మొద్దుగా ఉన్న కత్తెర, ఒక ప్రోబ్, నరాలకు కట్టడానికి నాలుగైదు రంగుల దారం. వీటన్నిటికన్నా ఎక్కువ పని చేసేది చూపుడు వేలు. రెండు కండరాల మధ్య దారి వెతకడానికి వేలే మంచిది, బ్లేడు కాదు.

హాల్లో వాడే 10 శాతం ఫార్మలిన్ అంటే బజారులో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. బజారు ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది కాబట్టి కలిపిన ద్రావణంలో ఉండేది సుమారు 4 శాతం. ఇది కళ్లను, ముక్కును మండించడమే కాదు, క్యాన్సర్ కారకం కూడా. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పని చేయాలి. శరీరాన్ని ముందు రోజు రాత్రి పారే నీళ్లలో ఉంచితే ఘాటు బాగా తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు మామూలు కళ్లజోడుతో రావడం మేలు.

పని రెండేసి గంటల చొప్పున ఐదారు తరగతులకు పంచుకోండి. ఒకే రోజులో కాలు మొత్తం తెరిస్తే రెండో రోజుకి ఫేసియా, అంటే కండరాలను కప్పే పలచని పొర, ఎండిపోయి తోలులా అవుతుంది. ఆ తర్వాత కండరాల అంచులు దొరకవు.

చర్మం తీయడం: ఇక్కడే మొదటి నష్టం

నాలుగు కోతలు చాలు. వీపు మధ్య గీత మీద తల వెనక నుంచి చివరి పక్కటెముక దాకా ఒకటి. గొంతు కింద నుంచి ఛాతీ ఎముక చివర దాకా మధ్యలో ఒకటి. కాలి లోపలి పక్క ఛాతీ నుంచి మోకాలి దాకా నిలువుగా ఒకటి. ముందుకాలి మోకాలి దగ్గర, అంటే కార్పస్ కింద, చుట్టూ ఒకటి. తర్వాత చర్మాన్ని ఒక అంచున పట్టి బిగువుగా లాగుతూ, బ్లేడు మొన ఎప్పుడూ చర్మం వైపే ఉంచి విడదీయాలి.

జబ్బ మీద చర్మం కింద పలచని ఎర్రని పొర ఒకటి ఉంటుంది. అది క్యుటేనియస్ ఒమోబ్రాకియాలిస్, ఈగ వాలితే జబ్బ మీద చర్మాన్ని వణికించే కండరం. కొవ్వు పొర అనుకుని చర్మంతో పాటు దాన్నీ లాగేయడం ప్రతి బ్యాచిలోనూ జరిగే పొరపాటు. పోగులు నిలువుగా నడుస్తున్నాయా అని చూడండి. కొవ్వుకు పోగుల దిశ ఉండదు. చూసి, గీసుకుని, తర్వాత దాన్ని తీసేయొచ్చు. కింద ఉన్నవి కనబడాలంటే తీయాల్సిందే.

మెడ కింది భాగంలో మరో జాగ్రత్త: గళసిర, అంటే జుగులార్ సిర, పైపైనే ఉంటుంది. పై అంచున బ్రాకియోసెఫాలికస్, కింది అంచున స్టెర్నోసెఫాలికస్. ఈ రెండింటి మధ్య గాడిలోనే రోజూ పల్లెల్లో సిర ద్వారా సెలైన్ ఎక్కించేది. ఆ గాడిని వేలితో తడిమి గుర్తుపెట్టుకోండి.

కాలిని ఒంటికి కట్టి ఉంచే కండరాలు

ముందుకాలికీ ఒంటికీ మధ్య ఎముకల కీలు లేదు. గేదెకు, ఆవుకు, గుర్రానికి జత్రుక ఎముక ఉండదు. కాలు మొత్తం కండరాలతోనే ఒంటికి వేలాడుతుంది, లేదా ఒళ్లే కాళ్ల మధ్య వేలాడుతుంది అనుకోవచ్చు. రెండో మాటే నిజానికి దగ్గర. నిలబడ్డ పశువులో ఛాతీ రెండు జబ్బల మధ్య చీర ఊయలలో పాపలా వేలాడుతుంది. ఆ ఊయల బట్టే సెర్రేటస్ వెంట్రాలిస్. మిగతావన్నీ ఆ ఊయల ముందుకు, వెనక్కు, పక్కకు జారకుండా పట్టే తాళ్లు.

ఫేసియాను తుడిచేటప్పుడు కత్తెర ఎప్పుడూ పోగుల దిశలోనే నడవాలి. అడ్డంగా నడిపితే కండరం చిరిగి ముక్కలుగా కనిపిస్తుంది, అంచు తప్పిపోతుంది.

మొదట *ట్రెపీజియస్*. వీపు మధ్య గీత నుంచి త్రికోణాకారంలో దిగి జబ్బ ఎముక వెన్ను, అంటే స్కాపులా స్పైన్ మీద అతుక్కుంటుంది. మెడ భాగం పోగులు వెనక్కి, కిందికి. ఛాతీ భాగం పోగులు ముందుకు, కిందికి. ఇంత పలచని కండరం మరొకటి ఈ ప్రాంతంలో లేదు. అందుకే చర్మం తీసేటప్పుడు చాలాసార్లు చిరుగుతుంది. దీని నరం అక్సెసరీ, కపాల నరాల్లో పదకొండోది. కండరం లోపలి ముఖం మీద వెనక్కి నడుస్తూ దొరుకుతుంది.

ట్రెపీజియస్ ముందు అంచు కింద పట్టీలా కనిపించేది *ఒమోట్రాన్స్‌వర్సేరియస్*. అట్లాస్ రెక్క దగ్గర మొదలై జబ్బ వైపు దిగుతుంది. దానికి కింద, మెడ పక్క మొత్తాన్ని కప్పుతూ వచ్చేది *బ్రాకియోసెఫాలికస్*. తల వైపు ఇది రెండుగా చీలుతుంది: క్లైడో-ఆక్సిపిటాలిస్, క్లైడో-మాస్టాయిడియస్. భుజం ముందర ఒక సన్నని పోగుల గీత అడ్డంగా కనబడుతుంది. జత్రుక ఎముక మిగిల్చిన ఆనవాలు అదే, పేరు క్లావిక్యులర్ ఇంటర్‌సెక్షన్. దాని కింది భాగం, అంటే క్లైడోబ్రాకియాలిస్, హ్యూమరస్‌కు (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకకు) చేరుతుంది. కాలు నేల మీద లేనప్పుడు ఈ కండరం కాలిని ముందుకు లాగుతుంది. కాలు నేలమీద నిలిచినప్పుడు మెడను పక్కకు వంచుతుంది.

ఒమోట్రాన్స్‌వర్సేరియస్‌ను, బ్రాకియోసెఫాలికస్‌ను కొంచెం ఎత్తి జబ్బ ముందు అంచున వేలు పెట్టండి. పొడవాటి చిక్కుడు గింజ ఆకారంలో ఒక శోషరస గ్రంథి తగులుతుంది. అది సూపర్‌ఫిషియల్ సర్వైకల్ గ్రంథి, వాడుకలో ప్రీస్కాపులార్. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవుల్లో థైలీరియోసిస్ (పిడుదుల ద్వారా వచ్చే జబ్బు) వస్తే ఇదే ఉబ్బి, చర్మం మీంచే చేతికి తెలుస్తుంది. దీని నుంచి సూదితో తీసిన స్మియర్‌లోనే ఆ జబ్బుకు గుర్తయిన కోచ్ నీలి కణాలు వెతుకుతారు. కండరం మందం ఎంతో, గ్రంథి ఎంత లోతులో ఉందో ఇప్పుడు బల్ల మీద చూసుకున్నవాళ్లకు రేపు పొలంలో సూది ఎక్కడ గుచ్చాలో తడబాటు ఉండదు.

ఛాతీ పక్కన విసనకర్రలా విచ్చుకున్నది *లాటిసిమస్ డోర్సై*. వీపు, నడుము ఫేసియా నుంచి మొదలై, ముందుకు దిగి, ట్రైసెప్స్ లోపలికి దూరి హ్యూమరస్ లోపలి పక్క టెరీస్ మేజర్ బొడిపె మీద చేరుతుంది. నరం థొరాకోడోర్సల్. ఛాతీ కింద పెక్టోరల్స్: పైపొరలో డిసెండింగ్, ట్రాన్స్‌వర్స్ అని రెండు, లోపల డీప్ పెక్టోరల్, దీన్నే అసెండింగ్ అంటారు. డిసెండింగ్ పెక్టోరల్‌కూ బ్రాకియోసెఫాలికస్‌కూ మధ్య గాడిలో సెఫాలిక్ సిర నడుస్తుంది. ట్రాన్స్‌వర్స్ భాగం పలచగా మోచేతి లోపలి ఫేసియాలో కలిసిపోతుంది. అది ఎక్కడ ఆగిందో వెతుకుతూ కూర్చోకండి, నిజంగానే ఫేసియాలో కలిసిపోతుంది. సబ్‌క్లావియస్ గేదెలో, ఆవులో చిన్న పట్టీ మాత్రమే.

కాలిని వేరు చేయడం

ఇది కోత క్రమం తప్పకూడని దశ. ప్రతి కండరాన్ని కోసే ముందు దాని కింద వేలు లేదా ప్రోబ్ దూర్చండి, అటువైపు కనబడాలి. కోత ఎప్పుడూ కండరం నడుమ. పుట్టే చోటా, అతికే చోటా కోస్తే రెండు చివరలూ ఎముక మీద గుర్తు లేకుండా పోతాయి. నడుమ కోసిన కండరాన్ని తర్వాత రెండు ముక్కలూ కలిపి పెట్టి చూసుకోవచ్చు.

బ్రాకియోసెఫాలికస్‌ను ఇంటర్‌సెక్షన్‌కు పైన, ఒమోట్రాన్స్‌వర్సేరియస్‌ను నడుమ, ట్రెపీజియస్‌ను జబ్బ వెన్నుకు మూడు నాలుగు వేళ్ల పైన కోయండి. లాటిసిమస్‌ను ట్రైసెప్స్ వెనక అంచున, పెక్టోరల్స్‌ను ఛాతీ ఎముకకూ కాలికీ మధ్య. ట్రెపీజియస్ ఎత్తగానే కింద *రోంబాయిడియస్* వస్తుంది, జబ్బ మృదులాస్థి లోపలి ముఖం మీద చేరుతుంది. ఒంగోలు గిత్తకు మూపురం ఇచ్చేది ఈ కండరమే. గేదెకు మూపురం లేదు కాబట్టి ఇక్కడ చదునుగా కనబడుతుంది. ఆవు దూడ మీద పనిచేసే బ్యాచిలో మధ్యలో ఎత్తుగా, కొవ్వు కలిసి ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు.

ఇక కాలిని పక్కకు మెల్లగా లాగుతూ ఉంటే చంక తెరుచుకుంటుంది. ఇక్కడ బ్లేడు కింద పెట్టేయండి. కొవ్వును వేళ్లతో, మొద్దు కత్తెరతో మాత్రమే తీయాలి. మెడ 6, 7, 8వ నరాల కింది శాఖలు, ఛాతీ మొదటి నరం శాఖ కలిసి తెల్లని తాళ్ల గుత్తిగా చంకలోకి దిగుతాయి. అదే బ్రాకియల్ ప్లెక్సస్. ఇక్కడ హడావుడి పడి తెంపితే తర్వాత రెండు వారాలు ఏ నరం ఏదో తెలియక తంటాలు పడతారు. నరాల్ని ఒంటి వైపు, వీలైనంత దూరంగా కోయండి. పొడుగు చివరలు కాలి మీద మిగలాలి. మిగిలిన ప్రతి చివరకూ వెంటనే రంగు దారం కట్టండి.

చివరిగా *సెర్రేటస్ వెంట్రాలిస్*. మెడ భాగం మెడ వెన్నుపూసల అడ్డపు ముళ్ల నుంచి, ఛాతీ భాగం పక్కటెముకల నుంచి రంపపు పళ్లలా మొదలై జబ్బ ఎముక లోపలి ముఖం పై భాగాన చేరుతుంది. ఛాతీ భాగం మీద మెరిసే టెండాన్ (కండరాన్ని ఎముకకు అతికించే గట్టి పోగు) పొర గట్టిగా కనబడుతుంది. పశువు గంటల తరబడి నిలబడి నెమరు వేస్తున్నా అలసట రాకుండా బరువు మోసేది ఆ పొరే. జబ్బ దగ్గర రెండు వేళ్ల ముక్క మిగిల్చి కోస్తే కాలు చేతికి వస్తుంది.

జబ్బ బయటి ముఖం, లోపలి ముఖం

బయటి ముఖం సులువు. జబ్బ వెన్నుకు ముందు *సుప్రాస్పైనాటస్*, వెనక *ఇన్‌ఫ్రాస్పైనాటస్*. రెండింటికీ నరం ఒకటే, సుప్రాస్కాపులార్. అది జబ్బ మెడ దగ్గర ఎముక ముందు అంచును చుట్టుకుని బయటికి వస్తుంది, ఎముకకు అంటుకునే ఉంటుంది. బరువు బండి లాగే గుర్రాల్లో మెడపట్టీ ఒరిపిడికి లేదా దెబ్బకు ఈ నరం నలిగితే రెండు కండరాలూ చిక్కిపోయి, జబ్బ వెన్ను కర్రలా పైకి తేలుతుంది. దానికి స్వీనీ అని పేరు. ఈ రెండు కండరాలు భుజం కీలుకు పక్క లిగమెంట్ల పని కూడా చేస్తాయి కాబట్టి బరువు వేసినప్పుడు భుజం బయటికి జారుతుంది కూడా. నరం ఎముకను ఆనుకుని ఎలా వంగిందో ప్రోబ్‌తో చూపించగలిగితే స్వీనీ ఎందుకు వస్తుందో మళ్లీ చదవక్కర్లేదు.

ఇన్‌ఫ్రాస్పైనాటస్ టెండాన్ హ్యూమరస్ గ్రేటర్ ట్యూబర్కిల్ మీదుగా జారుతుంది, కింద ఒక బర్సా, అంటే ఒరిపిడి తగ్గించే ద్రవపు సంచి, ఉంటుంది. టెండాన్‌ను కోసి పైకి మడిచి ఆ నున్నటి ముఖాన్ని చూడండి. సుప్రాస్పైనాటస్ మాత్రం కింద రెండుగా చీలి గ్రేటర్, లెసర్ ట్యూబర్కిల్స్ రెండింటికీ చేరుతుంది, బైసెప్స్ మొదలు ఆ రెండు చివరల మధ్య నుంచే దిగుతుంది.

వీటి వెనక అంచును కప్పుతూ *డెల్టాయిడియస్*, రెండు భాగాలు: ఒకటి అక్రోమియాన్ (జబ్బ వెన్ను కింది కొన) నుంచి, రెండోది ఇన్‌ఫ్రాస్పైనాటస్ ఫేసియా ద్వారా జబ్బ వెన్ను నుంచి. దీన్ని కోసి తిప్పితే లోపల చిన్న *టెరీస్ మైనర్*, పక్కనే బయటికి తొంగిచూసే అక్సిలరీ నరం. ఈ నరం లోపలి పక్క నుంచే వచ్చింది. కాలిని తిప్పి చూస్తే సబ్‌స్కాపులారిస్‌కూ టెరీస్ మేజర్‌కూ మధ్య సందులోకి దూరుతూ కనబడుతుంది. లోపలి ముఖాన్ని నింపేది *సబ్‌స్కాపులారిస్*, దాని వెనక అంచున *టెరీస్ మేజర్*, భుజం కీలు లోపలి పక్క సన్నగా *కొరాకోబ్రాకియాలిస్*.

ఇక్కడే మస్కులోక్యుటేనియస్, మీడియన్ నరాలు అక్సిలరీ ధమని కింద ఒక వలయంలా కలుస్తాయి. దాన్ని అన్సా అక్సిలారిస్ అంటారు. ధమనిని కోసేస్తే ఆ వలయం అర్థం కాదు, కాబట్టి ధమని ముక్కను అలాగే ఉంచండి.

మోచేతికి పైన

ముందు రెండే కండరాలు. *బైసెప్స్ బ్రాకై* జబ్బ ఎముక సుప్రాగ్లీనాయిడ్ బొడిపె నుంచి మొదలై, హ్యూమరస్ ముందు గాడిలో దిగి రేడియస్‌కు (మోచేతి కింది ఎముకకు) చేరుతుంది. దారిలో ఒక సన్నని పట్టీ, లసెర్టస్ ఫైబ్రోసస్, ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ ఫేసియాలోకి వెళుతుంది. *బ్రాకియాలిస్* హ్యూమరస్ వెనక నుంచి మొదలై మెలిగాడిలో చుట్టుకుంటూ ముందుకు వస్తుంది. రెండూ మోచేతిని ముడుస్తాయి, రెండింటికీ మస్కులోక్యుటేనియస్ నరమే.

వెనక *ట్రైసెప్స్*. లాంగ్ హెడ్ జబ్బ ఎముక వెనక అంచు నుంచి, లాటరల్, మీడియల్ హెడ్స్ హ్యూమరస్ నుంచి. అన్నీ ఒలెక్రనాన్ మీద, మోచేతి మొన మీద చేరతాయి. లాంగ్ హెడ్ వెనక అంచును, లోపలి ముఖాన్ని పలచగా కప్పేది టెన్సర్ ఫేసియై ఆంటీబ్రాకై. లాటరల్ హెడ్‌ను నడుమ కోసి రెండు వైపులా తిప్పితే కింద *అంకోనియస్*, దాని ముందు బ్రాకియాలిస్, దాన్ని ఆనుకుని రేడియల్ నరం బయటి పక్కకు వస్తూ దొరుకుతాయి. ఈ నరాన్ని లోపలి నుంచి బయటి దాకా తెగకుండా చూపించడం ఈ విచ్ఛేదన మొత్తంలో అతి విలువైన పని. ట్రైసెప్స్‌కూ, కింద ఎక్స్‌టెన్సర్లన్నిటికీ అదే నరం కాబట్టి దాని దారి తెలిస్తే పక్షవాతం లక్షణాలు వాటంతటవే అర్థమవుతాయి. పెద్ద పశువును ఆపరేషన్ కోసం పడేసి గంటల తరబడి ఒకే పక్క గట్టి నేల మీద పడుకోబెడితే, బయటి పక్క ఎముకను ఆనుకుని పోయే ఈ నరం నలుగుతుంది. లేచినప్పుడు కాలు ముందుకు పడదు, గిట్ట మొనలు నేల మీద ఈడుస్తాయి. దెబ్బ ట్రైసెప్స్ శాఖలకన్నా పైన తగిలితే మోచేయి కూడా కిందికి జారుతుంది, కాలు బరువు మోయలేదు. కింద తగిలితే మోచేయి నిలుస్తుంది, గిట్ట మాత్రం వెనక్కి మడుస్తుంది. జబ్బ కింద మెత్తటి పరుపు వేయాలని సర్జరీలో చెప్పేది ఇందుకే.

మోచేతికి కింద, ముందు వైపు

ఇక్కడ చాలామంది పేర్లు కలిపేస్తారు. కారణం కండరం బొజ్జ, అంటే లావుపాటి నడిమి భాగం, దగ్గర గుర్తించబోవడం. కింద టెండాన్ దగ్గర మొదలుపెట్టండి, అక్కడి నుంచి పైకి వెళ్లండి. మోకాలి కింద, మెటాకార్పల్ (అక్కడి పొడవాటి ఎముక) ముందు ముఖం మీద చర్మం తీస్తే మూడు టెండాన్లు పక్కపక్కన కనబడతాయి. లోపలిది మూడో వేలికి, అంటే లోపలి గిట్టకు మాత్రమే పోతుంది. నడిమిది ఫెట్లాక్ (గిట్ట పైన ఉండే కీలు) దగ్గర రెండుగా చీలి రెండు గిట్టల చివరి ఎముకలకూ చేరుతుంది. బయటిది నాలుగో వేలికి.

ఇప్పుడు ఒక్కొక్కటీ పైకి లాగండి. లోపలి టెండాన్, నడిమి టెండాన్ రెండూ *ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్ కమ్యూనిస్* రెండు బొజ్జలు. బయటి టెండాన్ *ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్ లాటరాలిస్*. వీటన్నిటికీ ముందు, రేడియస్ మీద లావుగా కూర్చున్నది *ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్*. దాని టెండాన్ మోకాలి దాటగానే మెటాకార్పల్ బొడిపె మీద ఆగిపోతుంది, వేళ్ల దాకా పోదు. వేళ్లకు పోకపోవడమే దాన్ని పట్టిచ్చే గుర్తు. మోకాలి పైన దాని టెండాన్ మీదుగా ఏటవాలుగా, బయట నుంచి లోపలికి ఒక సన్నని కండరం దాటుతుంది: *అబ్డక్టర్ పాలిసిస్ లాంగస్*. ఫేసియా తుడిచేటప్పుడు ఇది తెగిపోయే అవకాశం ఎక్కువ. అందుకే ఆ ప్రాంతాన్ని ఏటవాలు దిశలోనే శుభ్రం చేయండి.

బయటి పక్క వెనకగా *అల్నారిస్ లాటరాలిస్*. నరం చూస్తే రేడియల్, అంటే ఎక్స్‌టెన్సర్ల కుటుంబం. కానీ అక్సెసరీ కార్పల్ ఎముక మీద, మోకాలి వెనక వైపు చేరుతుంది కాబట్టి పశువుల్లో ఇది మోకాలిని ముడుస్తుంది. కండరం ఎక్కడ దాటుతుందో చూడమని మొదట చెప్పింది ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

వెనక వైపు

ముందుకాలి లోపలి పక్క రేడియస్ ఎముక చర్మం కిందే తగులుతుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే వరసగా *ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్*, *ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్*. మొదటిదాని కిందే మీడియన్ నరం, ధమని. రెండోది అక్సెసరీ కార్పల్ ఎముకకు చేరుతుంది. అల్నార్ నరం మోచేయి లోపలి బొడిపె వెనక నుంచి దిగి ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్‌కూ అల్నారిస్ లాటరాలిస్‌కూ మధ్య గాడిలో నడుస్తుంది. ప్రొనేటర్ టెరీస్ గేదెలో దాదాపు పోగుల పట్టీయే, మోచేయి లోపలి లిగమెంట్ మీద అంటుకుని ఉంటుంది. కండరం కోసం వెతికి లిగమెంట్‌ను పాడుచేయకండి.

ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్‌ను, ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్‌ను నడుమ కోసి తిప్పితే *సూపర్‌ఫిషియల్ డిజిటల్ ఫ్లెక్సర్* వస్తుంది. పశువుల్లో దీనికి పైబొజ్జ, లోబొజ్జ రెండు. లోబొజ్జ టెండాన్ కార్పల్ కెనాల్ (మోకాలి వెనక సొరంగం) లోంచి, పైబొజ్జ టెండాన్ దానికి బయట నుంచి దిగుతాయి. మెటాకార్పల్ వెనక కలిసి, మళ్లీ రెండుగా చీలి రెండు వేళ్ల మధ్య ఎముకలకు చేరతాయి. కార్పల్ కెనాల్ తెరవకుండా ఈ రెండు దారులూ తెలియవు. మోకాలి వెనక ఫ్లెక్సర్ రెటినాక్యులమ్‌ను నిలువుగా, లోపలి అంచుకు దగ్గరగా కోసి, ప్రోబ్ దూర్చి చూడండి.

అన్నిటికన్నా లోపల *డీప్ డిజిటల్ ఫ్లెక్సర్*, హ్యూమరల్, అల్నార్, రేడియల్ అని మూడు తలలు. ఒకే టెండాన్‌గా కార్పల్ కెనాల్ దాటి, ఫెట్లాక్ పైన రెండుగా చీలుతుంది. ఫెట్లాక్ దగ్గర సూపర్‌ఫిషియల్ టెండాన్ ప్రతి వేలికీ ఒక గొట్టంలా అవుతుంది. డీప్ టెండాన్ ఆ గొట్టంలోంచి దూరి గిట్ట లోపలి చివరి ఎముకకు పోతుంది. ఈ గొట్టాన్ని పక్క నుంచి ఒక్క కోతతో తెరిచి డీప్ టెండాన్‌ను లాగి చూపిస్తే గిట్ట ముడుచుకుంటుంది. చూపించాల్సిన దృశ్యం ఇది. వేళ్ల దగ్గర టెండాన్ పొర తెరవగానే జారుడుగా ఉండే సైనోవియల్ తొడుగు కనబడుతుంది. గిట్ట మీద లోతైన గాయమైతే చీము పైకి ఎందుకు పాకుతుందో ఆ తొడుగు పొడవు చూస్తే తెలుస్తుంది.

మెటాకార్పల్ వెనక ముఖానికే అంటుకుని ఉన్నది *ఇంటరోసియస్*. దూడలో ఎర్రటి కండర పోగులు ఎక్కువగా, ముదిరిన పశువులో దాదాపు మొత్తం టెండాన్‌గా ఉంటుంది. ఫెట్లాక్ మరీ కిందికి దిగకుండా పట్టి ఉంచేది ఇదే.

గుర్రం, కుక్కలలో ఎక్కడ తప్పుతారు

గుర్రం జబ్బకు అక్రోమియాన్ లేదు, కాబట్టి డెల్టాయిడియస్‌లో అక్రోమియాన్ భాగం కోసం వెతకొద్దు. సబ్‌క్లావియస్ మాత్రం పెద్దది, సుప్రాస్పైనాటస్ ముందు అంచు మీద పైకి పాకుతుంది. బైసెప్స్ మొదలు మృదులాస్థిలా గట్టిపడి, హ్యూమరస్ మధ్య బొడిపెకు సరిపోయేలా రెండు గాడులుగా అచ్చయి ఉంటుంది. దాని లోపల పై నుంచి కింద దాకా టెండాన్ పోగు ఒకటి నడుస్తుంది. నిలబడే నిద్రపోయే గుర్రానికి భుజం కూలకుండా ఆపేది అదే. వేలు ఒక్కటే కాబట్టి కామన్ ఎక్స్‌టెన్సర్ చీలదు, లాటరల్ ఎక్స్‌టెన్సర్ మొదటి ఫాలెంక్స్ దగ్గరే ఆగుతుంది. సూపర్‌ఫిషియల్ ఫ్లెక్సర్‌కు రేడియస్ నుంచి ఒకటి, డీప్ ఫ్లెక్సర్‌కు మోకాలి వెనక నుంచి ఒకటి చెక్ లిగమెంట్లు వచ్చి కలుస్తాయి. ఇవి తెగకుండా చూపించండి, పందెపు గుర్రాల కుంటులో ఇవే ముఖ్యం.

కుక్కకు జబ్బ మీద ఆ చర్మపు కండరం ఉండదు. రోంబాయిడియస్‌కు తల దాకా పోయే మూడో భాగం ఉంది. సబ్‌క్లావియస్ లేదు. ట్రైసెప్స్‌కు నాలుగో తల ఉంది, అక్సెసరీ హెడ్. అరచేతిని తిప్పగలదు కాబట్టి ప్రొనేటర్ టెరీస్, సుపినేటర్ స్పష్టంగా దొరుకుతాయి. ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ టెండాన్ రెండుగా రెండో, మూడో మెటాకార్పల్స్‌కు వెళ్తుంది. సూపర్‌ఫిషియల్ ఫ్లెక్సర్ పేరుకు తగ్గట్టే వెనక చర్మం కిందే ఉంటుంది. గేదె అలవాటుతో లోపల వెతికితే దొరకదు. బైసెప్స్ కింద కుక్కకు విడి బర్సా ఉండదు, భుజం కీలు పొరే టెండాన్ చుట్టూ సాగి ఉంటుంది. గుర్రానికి అది విడి బర్సా.

ప్రతి తరగతి అయ్యాక తీసిన కండరాలన్నిటినీ వాటి వాటి చోట్ల మడిచి పెట్టి, పలచని ఫార్మలిన్‌లో తడిపిన గుడ్డ చుట్టి, పైన పాలిథిన్ షీటు బిగించండి. బూజు ముందుగా పట్టేది నరాల చివరలకూ, చంక కొవ్వుకూ. కాబట్టి అక్కడ గుడ్డ రెండు మడతలుగా ఉండాలి. దారాల రంగులు ఏ నరానికి ఏదో కాగితం మీద పెన్సిల్‌తో రాసి, కాలికే కట్టండి. ఫార్మలిన్ తగిలితే పెన్ను ఇంకు చెదిరిపోతుంది.